సీసాలో నీళ్లు... సీసాపై ఎండ!

ప్లాంటులో నింపిన రోజున ఆ నీళ్లు శుభ్రంగానే ఉండొచ్చు. ఆ తర్వాత లారీలో, గోడౌన్‌లో, దుకాణం ముందు, ఇంటి మూలన వాటి గతేమిటి? ఎండలు మండే ఎర్రగుంట్ల లాంటి ఊళ్లలో అసలు అడగాల్సిన ప్రశ్న అదే.

మే నెల. మధ్యాహ్నం రెండు గంటలు. ఎర్రగుంట్ల నాలుగు రోడ్ల కూడలిలో బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి చేతులు బయటికొస్తాయి. 'అన్నా, ఒక బాటిల్ ఇయ్యి. సల్లగుండేది సూసి ఇయ్యి'. దుకాణం కుర్రాడు ఫ్రిజ్‌లోంచి ఒకటి తీసి అందిస్తాడు. ఖాళీ అయిన చోట ఇంకొకటి పెట్టాలిగా! దుకాణం ముందు ఎండలో ప్లాస్టిక్ కవరు చుట్టిన పన్నెండేసి సీసాల కట్టలు నిలువెత్తున పేర్చి ఉంటాయి. వాటిలో ఒకదాన్ని చింపి, పట్టుకుంటే చురుక్కుమనే సీసాలను లోపల సర్దుతాడు. కాసేపటికి వచ్చే బస్సుకు అవే 'సల్లటి' నీళ్లు.

తాగేవాడికి చల్లదనం తెలుస్తుంది. అంతకుముందు ఆ సీసా ఎన్ని రోజులు ఎండలో నిలబడిందో నాలుకకు తెలియదు.

నిజానికి ఆ సీసా మీదే చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది. చల్లని, పొడి ప్రదేశంలో, నేరుగా ఎండ తగలకుండా నిల్వ చేయాలని. కడప జిల్లాలో ఎండాకాలం 43, 44 డిగ్రీలు మామూలే. 'చల్లని ప్రదేశం' అని లేబుల్ మీద అచ్చు వేయించినవారు మే నెలలో ఒక్కసారైనా ఇటువైపు వచ్చి ఉంటే, అలాంటి చోటు ఎక్కడుందో కూడా రాసి ఉండేవారు.

రాయి ఇచ్చిన దాహం

ఎర్రగుంట్ల చుట్టుపక్కల నేలలో సున్నపురాయి మెండు. ఇక్కడా, పక్కనున్న చిలంకూరులోనూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయిని నమ్ముకునే. ఎన్నో ఊళ్లలో ఇళ్ల కింద పరిచిన కడప బండలూ ఈ జిల్లా నేలలోంచి తీసినవే. ఇంటికి అందం తెచ్చిన ఆ రాయే బావి నీటికి బరువు తెచ్చింది. వాననీరు రాతి పొరల్లోంచి కిందికి దిగుతూ కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. అలాంటి చోట బోరు వేస్తే పడేది కఠిన జలం. పప్పు ఒక పట్టాన ఉడకదు. సబ్బు నురగ రాదు. నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొలుసు కడుతుంది. తాగేనీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల్లోపు ఉంటే మంచిదని, వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు ఓర్చుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. జిల్లాలో కొన్నిచోట్ల దీనికి ఫ్లోరైడ్ బాధ తోడు.

పెన్నా ఒడ్డు ఊళ్లకు ఒకప్పుడు వేరే దారి ఉండేది. ఏట్లో ఇసుక తోడితే చెలమ ఊరేది. ఆ నీళ్లు కడవతో తెచ్చి కుండలో పోసుకునేవారు. మీటర్ల కొద్దీ ఇసుకే వారి ఫిల్టరు. ఇసుక తరిగింది, ఏరు ఎండింది. కరవు ఏళ్లలో ట్యాంకర్లు వచ్చాయి. వాటి వెనకే ఆర్వో ప్లాంట్లు దిగాయి. 2014 అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వమే ఎన్టీఆర్ సుజల స్రవంతి పేరుతో 2 రూపాయలకు 20 లీటర్ల శుద్ధజలం పథకం మొదలుపెట్టిందంటే నీళ్లు కొనడం ఎంత మామూలైపోయిందో అర్థమవుతుంది. ఇప్పుడు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... ఎక్కడైనా తెల్లారేసరికి ఆటోల్లో క్యాన్లు తిరగని వీధి అరుదు.

కాబట్టి ఇక్కడ సీసా నీళ్లు షోకు కాదు. క్వారీలో బండలు కొట్టే కూలీ నుంచి ఫ్యాక్టరీ ఆఫీసరు దాకా అందరూ కొనే సరుకు. చంటిబిడ్డకు పాలపొడి కలిపేదీ ఆ నీళ్లతోనే. ఆస్పత్రి మంచం పక్కన ఉండేదీ ఆ సీసానే.

పేరుకే 'మినరల్'

జనం నోట అన్నీ మినరల్ వాటరే. చట్టం లెక్క వేరు. భూమిలోంచి సహజంగానే ఖనిజాలతో వచ్చే ఊటనీటిని గుణం మార్చకుండా సీసాలో పడితే అది 'నేచురల్ మినరల్ వాటర్'. దాని ప్రమాణం ఐఎస్ 13428. బోరు నీటినో మరో నీటినో శుద్ధిచేసి నింపితే 'ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్', ఐఎస్ 14543. మనం దాహానికి కొనేది దాదాపుగా రెండోదే. ఆర్వో యంత్రం చేసే పనే నీటిలోని ఖనిజాలను తీసేయడం. ఆ నీటిని మినరల్ వాటర్ అనడం తిరుపతిలో గుండు చేయించుకొచ్చినాయన్ని జులపాలాయన అనడం లాంటిది!

దేశంలో ఈ వ్యాపారం 1965లో ముంబయిలో బిస్లెరీతో మొదలైంది. అప్పుడు గాజు సీసాలు. 1969లో పార్లే దాన్ని కొనేసింది. ప్లాస్టిక్ వచ్చాకే అది ఊరూరికీ పాకింది. ఎవరు పడితే వారు కుళాయి నీళ్లు పట్టి అమ్మేస్తున్నారన్న గొడవల తర్వాత 2001 మార్చి 29 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. 2003 ఫిబ్రవరిలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్ఈ) ఢిల్లీ, ముంబయి ప్రాంతాల్లో అమ్మే సీసాల్లో పురుగుమందుల అవశేషాలు ఉన్నాయని బయటపెట్టింది. దేశమంతా ఉలిక్కిపడింది. ఒక్కో పురుగుమందు లీటరుకు 0.0001 మిల్లీగ్రాము దాటకూడదని, అన్నీ కలిపి 0.0005 మించకూడదని పరిమితులు బిగించారు.

2024 అక్టోబర్‌లో కథ మరో మలుపు తిరిగింది. సీసా నీటికి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అన్న నిబంధనను ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) తొలగించింది. ఆ మరుసటి నెలలోనే వీటిని 'అధిక ప్రమాద అవకాశమున్న ఆహారాల' జాబితాలో చేర్చింది. అంటే లైసెన్సు ఇచ్చేముందు తనిఖీ, ఆ తర్వాత ఏటా తనిఖీ, బయటి సంస్థతో ఆడిట్ ఉండాలి. కొనేవారు ఇప్పుడు ముందుగా చూడాల్సింది లేబుల్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు.

ఇన్నేళ్ల ఈ రగడంతా నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి, ఎలా శుద్ధి చేశారు అన్నదాని చుట్టూనే తిరిగింది. బజారులోని సీసాను నమూనాగా తీసుకునే అధికారం ఫుడ్ సేఫ్టీ అధికారులకు ఉంది. కానీ ఎండలో నిలబెట్టిన కట్టను చూసి 'దాన్ని ముందు లోపల పెట్టు' అని గదమాయించే నాథుడే కనపడడు.

తోడు రాని కాపలా

కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన చాలామందికి గిట్టదు. ముక్కు మూసుకుని 'బ్లీచింగు నీళ్లు' అంటారు. నిజానికి ఆ వాసనే కాపలా. ట్యాంకులో కలిపిన క్లోరిన్ కొంత మిగిలి, పైపుల్లోనూ, ఇంట్లో బిందెలోనూ నీటిని అంటిపెట్టుకుని ఉంటుంది. దారిలో ఏ క్రిమి చొరబడినా దాని పని పడుతుంది. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము క్లోరిన్ మిగలాలని ప్రమాణం పెట్టింది ఇందుకే.

సీసా నీళ్లకు ఆ తోడు లేదు. క్లోరిన్ ఆర్వో పొరను పాడుచేస్తుంది కాబట్టి ముందే బొగ్గు ఫిల్టరుతో తీసేస్తారు. చివర్లో అతినీలలోహిత కాంతినీ, ఓజోన్‌నూ ప్రయోగిస్తారు. రెండూ క్రిముల్ని గట్టిగానే చంపుతాయి. కానీ కాంతి దీపం దగ్గరే ఆగిపోతుంది. ఓజోన్ కొద్ది గంటల్లో మామూలు ఆక్సిజన్‌గా విరిగిపోతుంది. ప్లాంటు గేటు దాటే లారీలో సీసా ఉంటుంది, నీళ్లుంటాయి, కాపలాదారు మాత్రం ఉండడు.

అయితే మూత పగలని సీసాలో ఏమవుతుంది? శుద్ధి నుంచి తప్పించుకున్న నాలుగు బ్యాక్టీరియాలున్నా, అవి నీటిలో మిగిలిన అతి కొద్దిపాటి పోషకాలతోనే బతకగలవు. వారాలు గడిచేకొద్దీ సంఖ్య పెరుగుతుంది. వెచ్చగా ఉంటే ఇంకా తొందరగా. వీటిలో ఎక్కువ భాగం ఆరోగ్యవంతులను ఏమీ చేయవు. ఇబ్బందల్లా పసిపిల్లలకు, పండు ముసలివారికి, క్యాన్సర్ మందులు వాడుతూ రోగనిరోధక శక్తి తగ్గినవారికి. సూడోమొనాస్ ఎరుజినోసా అనే బ్యాక్టీరియా ఉంది. తిండి లేకున్నా గడిపేసే గడుసుది. పైపుల్లో, కుళాయిల్లో, మూతల్లో జిగురు పొరలా అతుక్కుని ఉంటుంది. 250 మిల్లీలీటర్ల నీటిలో అది ఒక్కటి కూడా కనిపించకూడదని మన ప్రమాణం ప్రత్యేకంగా రాసుకున్నది అందుకే. కోలిఫారంలకూ, ఇ-కోలైకీ అదే షరతు.

సీల్ వేసిన సీసా కదా అన్న నమ్మకం వమ్మైన సంఘటన చరిత్రలో ఉంది. 1974లో పోర్చుగల్‌లో కలరా చెలరేగింది. 2,400 మందికి పైగా జబ్బుపడ్డారు. ఆరా తీస్తే కారణాల్లో ఒకటి ఒక రకం మినరల్ వాటర్ సీసా అని తేలింది. అదీ గ్యాసు కలపని మామూలు రకం. ఆ ఊట సున్నపురాయి పొరల్లోంచి వస్తుంది. సున్నపురాయిలో చీలికలు, బొరియలు ఎక్కువ. ఇసుకలా నీటిని వడగట్టదు. పైనుంచి దిగిన మురికి ఆ సందుల్లోంచి నేరుగా ఊటలో కలిసింది. సున్నపురాయి మీద కాపురముంటూ, బోరు నీళ్లనే శుద్ధిచేసి తాగే ఊళ్లవారు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది. అలాంటి చోట ప్లాంటులో ఒక్క రోజు దీపం వెలగకపోయినా, ఓజోన్ యంత్రం మొరాయించినా, ఆ తర్వాత సరిదిద్దే అవకాశం ఎక్కడా లేదు.

ప్లాస్టిక్‌కు చెమట పడితే...

ఎండలో సీసా అనగానే అందరికీ గుర్తొచ్చేది ప్లాస్టిక్. కారులో మరిచిపోయిన సీసాలో డయాక్సిన్లు పుట్టి క్యాన్సర్ వస్తుందన్న ఈ-మెయిల్ 2000 తర్వాత కొన్నేళ్లపాటు ప్రపంచమంతా చుట్టి వచ్చింది. తర్వాత సెల్‌ఫోన్లలోకి దూరింది. అది నిజం కాదు. డయాక్సిన్ పుట్టాలంటే క్లోరిన్ కావాలి, ఏకంగా మంటల వేడి కావాలి. లీటరు సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్‌లో క్లోరినే లేదు.

అలాగని ఎండను కొట్టిపారేయడానికీ లేదు. పెట్ తయారీలో యాంటిమొనీ అనే లోహపు సమ్మేళనాన్ని వాడతారు. అది కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతుంది. ఎంత దిగుతుందన్నది వేడిని బట్టి ఉంటుంది. అమెరికాలోని అరిజోనా కూడా ఎండలకు పేరుపడ్డ రాష్ట్రమే. అక్కడి స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2008లో దీని మీద పరిశోధన ప్రచురించారు. గది వేడిలో ఉంచిన సీసాల్లో పెద్దగా మార్పు లేదు. 60 డిగ్రీల దగ్గర ఉంచితే అమెరికా పరిమితి అయిన లీటరుకు 6 మైక్రోగ్రాములు దాటడానికి 176 రోజులు పడుతుందని లెక్క తేలింది. 70 డిగ్రీల దగ్గర 12 రోజులు. 80 డిగ్రీలైతే రెండు రోజుల పైచిలుకు అంతే. మన పరిమితి ఇంకాస్త తక్కువ, 5 మైక్రోగ్రాములు.

ఈ లెక్కల్ని ఎర్రగుంట్లకు తెచ్చి చూస్తే? గాలి వేడి 44 డిగ్రీలుంటే, తలుపులు మూసి ఎండలో నిలిపిన వాహనం లోపల 60 దాటడం కష్టమేమీ కాదు. రేకుల షెడ్డు కింద సరుకూ బాగానే మాడుతుంది. కానీ రాత్రికి చల్లబడుతుంది. కాబట్టి ఒక మధ్యాహ్నం కారులో ఉండిపోయిన సీసా తాగితే కొంపలేమీ మునగవు. వేసవి మొదట్లో దించుకుని, రేకుల కింద నెలల తరబడి మగ్గబెట్టిన సరుకు సంగతి వేరు. పైగా సీసా సీసాకూ తేడా ఉంటుంది. చైనాలో అమ్మే 16 రకాల సీసాలను 70 డిగ్రీల దగ్గర నాలుగు వారాలు ఉంచి చూసిన మరో అధ్యయనం 2014లో వెలువడింది. పరిమితి దాటింది వాటిలో ఒక్కటే. ఆ ఒక్కటి ఏదో చూపు చూసి చెప్పలేం. అదే అసలు చిక్కు.

నాలుకకు తెలిసేది ఇంకోటి ఉంది. ఎండలో ఉన్న సీసా మూత తీస్తే ఒక రకం తీపి కలిసిన ప్లాస్టిక్ వాసన కొడుతుంది. అది ఎసిటాల్డిహైడ్. ఆ మోతాదులో విషం కాదుగానీ, సీసా బాగా కాగిందని చెప్పే చాడీకోరు. ఆ వాసనను కాస్త పట్టించుకోవాలి.

ఎండ అచ్చంగా శత్రువే అనుకున్నా పొరపాటే. 1980 ప్రాంతంలో బీరుట్‌లోని అమెరికన్ యూనివర్సిటీలో మొదలై, 1991 నుంచి స్విట్జర్లాండ్ పరిశోధన సంస్థ ఎవాగ్ సాన పట్టిన పద్ధతి ఒకటుంది. తేటగా ఉన్న నీటిని రంగులేని చిన్న పెట్ సీసాలో నింపి ఆరు గంటలు నిండు ఎండలో పడుకోబెడితే సూర్యకాంతే క్రిముల్ని చంపేస్తుంది. పేద దేశాల్లో ఎంతోమంది పిల్లలను విరేచనాల నుంచి కాపాడిన ఉపాయమిది. కానీ అది మురికి నీటిని ఆ రోజుకు తాగదగ్గట్టు చేసుకునే దారి. నెలల నిల్వకు సర్టిఫికెట్ కాదు. ఇరవై లీటర్ల నీలం క్యాన్‌కైతే అసలే వర్తించదు. ఆ క్యాన్లు చేసే పాలీకార్బొనేట్ అతినీలలోహిత కిరణాలను లోపలికి రానివ్వదు. క్రిమిని చంపే కిరణం బయటే ఆగిపోతుంది, పాచి పెరగడానికి పనికొచ్చే వెలుతురు మాత్రం లోపలికి వెళుతుంది. ఎండలో ఉంచిన క్యాన్ అడుగున పచ్చటి జిగురు కనిపించేది ఇలాగే.

బుడగలో ఏముంది?

సీసా కంటే పెద్ద కథ క్యాన్‌ది. సీసా ఒక్కసారి వాడి పారేసేది. క్యాన్ తిరిగి తిరిగి వస్తుంది. మన ఇంట్లో నీళ్లు పట్టుకున్న క్యాన్ నిన్న ఏ ఇంట్లో ఉందో, అందులో వారు ఏం పోసుకున్నారో తెలియదు. కొందరు ఖాళీ క్యాన్‌లో కిరోసిన్ పోస్తారు, ఇంకొందరు ఫినాయిల్ కలుపుతారు. ప్లాస్టిక్ వాసనల్ని పీల్చుకుంటుంది. ఎంత కడిగినా ఓ పట్టాన వదలదు.

కడగడంలోనూ తంటానే. వేడి నీళ్లు, గాఢమైన క్షారంతో తోమితే క్రిములు పోతాయి. కానీ అలా తోమేకొద్దీ, ఏళ్లు గడిచేకొద్దీ పాలీకార్బొనేట్ నుంచి బిస్‌ఫినాల్-ఏ ఎక్కువగా విడుదలవుతుంది. అది శరీరంలో హార్మోన్ల పనికి అడ్డుపడే రసాయనం. దాన్ని రోజుకు ఎంత మేర భరించవచ్చన్న అంచనాను ఐరోపా ఆహార భద్రత సంస్థ 2023లో ఏకంగా 20 వేల రెట్లు తగ్గించింది. పాలసీసాల్లో పాలీకార్బొనేట్‌ను మన దేశమూ వద్దంది. సరే, క్షారం వాడకుండా పైపైన నీళ్లతో తొలిపితే? గీతల్లో బ్యాక్టీరియా పొర అలాగే ఉండిపోతుంది. మసకబారిన, గీతలు పడ్డ క్యాన్‌ను తిప్పి పంపేయడమే దీనికి విరుగుడు. కానీ క్యాన్ ఖరీదైనది. ప్లాంటువాళ్లు దాన్ని పగిలేదాకా వాడతారు.

ఇక ఇంట్లో. క్యాన్‌ను తలకిందులుగా స్టాండు మీద పెడతాం. గ్లాసుడు నీళ్లు పట్టగానే లోపల 'గుడుగుడు'మంటూ బుడగలు పైకి లేస్తాయి. పిల్లలకు అదొక సరదా. బయటికి వచ్చిన నీళ్లకు సరిగ్గా సరిపడా గాలి లోపలికి పోయిందన్నమాట. సిమెంటు లారీలు తిరిగే రోడ్డు పక్కన, బండలు కోసే, పాలిష్ పట్టే యూనిట్ల నడుమ ఉన్న ఊళ్లో ఆ గాలి ఎలా ఉంటుందో విడిగా చెప్పాలా? గ్లాసు గ్లాసుకూ అంత దుమ్ము, దానితో వచ్చే క్రిములు నీళ్లలో చేరుతుంటాయి. క్యాన్ దించుకున్న మొదటి రోజు నీళ్లూ, వారం తర్వాత అడుగున మిగిలిన నీళ్లూ ఒకటి కావు. వేసవిలో మూడు నాలుగు రోజుల్లో ఖాళీ చేయగలిగితేనే పెద్ద క్యాన్. ఇద్దరే ఉన్న ఇంటికి చిన్న క్యాన్ మేలు. స్టాండు కుళాయిని, నీళ్లు నిలిచే గిన్నెను నెలకోసారైనా విప్పి, కాచిన నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. చాలా ఇళ్లల్లో స్టాండు కొన్న రోజున తుడిచిందే ఆఖరు!

పెళ్లిళ్లలో, సభల్లో కనిపించే కూలింగ్ క్యాన్లది మరో లోకం. వాటికి సీలుండదు, లేబులుండదు, తేదీ ఉండదు. సీలు లేనిది ప్యాకేజ్డ్ వాటర్ కాదు కాబట్టి ఆ నిబంధనలు మాకు వర్తించవన్నది అమ్మేవారి వాదన. చట్టం సందు సంగతెలా ఉన్నా, అందులో వేసే ఐసు ఏ నీటితో చేశారో అడిగి తెలుసుకోవడం పెళ్లివారి పని.

పక్కన ఏముంది?

సీసా లోపలి సంగతే కాదు, దాని పక్కన ఏముందో కూడా చూడాలి. చిన్న ఊళ్లలో ఒకే కొట్టులో అన్నీ అమ్ముతారు. నీళ్ల కట్టల మీద చీమల మందు, పక్కన ఫినాయిల్, అవతల పెయింటు డబ్బాలు. ప్లాస్టిక్ గాజు కాదు. ఘాటైన ఆవిర్లు నెమ్మదిగా దాని గోడ దాటి లోపలికి వెళ్లగలవు. పల్చటి పాలిథీన్‌తో చేసే నీళ్ల ప్యాకెట్లయితే మరీ సులువుగా వాసన పట్టేస్తాయి.

దుకాణదారును ఒక్కణ్నే తప్పుపట్టడం న్యాయం కాదు. పదడుగుల బంకులో ఫ్రిజ్‌కే చోటు చాలదు. ఎండలు ముదిరాక సరుకు దొరకదేమోనని ముందే కట్టలకు కట్టలు దించుకుంటాడు. దించేసి పోయిన ఏజెంటు మళ్లీ ఆ సీసాలు ఏమయ్యాయని తిరిగి చూడడు. లీటరు మీద అతనికి మిగిలేది కొన్ని రూపాయలే. అయినా ఖర్చు లేని జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. కట్టలను నేల మీద కాకుండా చెక్కల మీద పేర్చడం, నీడపట్టున ఉంచడం, పాత తేదీ సరుకు ముందు అమ్మడం. పైన పట్టా కప్పాలనుకుంటే సీసాలకు తగలకుండా జానెడు ఎత్తున పందిరిలా కట్టాలి. నల్ల పట్టాను నేరుగా చుట్టేస్తే ఎండ ఆగుతుందిగానీ వేడి రెట్టింపవుతుంది. క్వారీ కూలీలు నీళ్ల సీసాకు తడి గోనెపట్ట చుట్టి గాలికి పెట్టుకుంటారు. తడి ఆరుతూ వేడిని లాక్కుపోతుంది. కరెంటు అక్కర్లేని ఆ కిటుకు కూడలిలో దుకాణానికీ పనికొస్తుంది.

తేదీ దాటితే...

ఇక గడువు సంగతి. సీసా మీద నింపిన తేదీ, ఎన్నాళ్లలోపు వాడితే మేలో ఉంటాయి. లీటరు సీసాలకు సాధారణంగా ఆరు నెలలు రాస్తారు. ఆరు నెలల ఒక రోజుకు నీళ్లు విషమైపోవు. సరిగా తయారై, మూత తీయకుండా, సరిగా నిల్వ చేసిన సీసా నీటికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ అసలు గడువే పెట్టలేదు. ఆ 'సరిగా నిల్వ' అన్న రెండు ముక్కల్లోనే ఉంది మతలబంతా. చల్లటి గోడౌన్‌లో ఆర్నెల్లున్న సీసా కంటే, మే నెల ఎండలో నెలరోజులు నిలబడ్డ సీసానే ఎక్కువ ముసలిది. తేదీ వయసు చెబుతుంది, పడ్డ కష్టం చెప్పదు.

మూత తీశాక లెక్క మళ్లీ మారిపోతుంది. పెదవి తగిలిన ప్రతిసారీ నోటిలోని బ్యాక్టీరియా కొంత లోపలికి జారుతుంది. 40 డిగ్రీల వేడిలో వాటికి గంటలు చాలు. తెరిచిన సీసా ఆ పూటకే. నోటికి తగలకుండా ఎత్తి పోసుకునే మన పెద్దల అలవాటుకు సైన్సు కూడా ఓటేస్తుంది. 'వాడిన తర్వాత నలిపి పారేయండి' అని రాసి ఉన్నా, ఖాళీ సీసాను దాచి బడికి వెళ్లే పిల్లల సంచిలో నెలల తరబడి పెట్టడం మామూలే. ఇరుకు మూతి సీసా లోపలికి చెయ్యి పోదు, బ్రష్ తిరగదు. అడుగున వేలు పెడితే జారే పొర ఉంటుంది. ఆ పనికి వెడల్పు మూతి స్టీలు సీసా మంచిది.

ప్లాస్టిక్ రేణువుల మాట కూడా ఈమధ్య బాగా వినిపిస్తోంది. 2018లో న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 9 దేశాల్లో కొన్న 259 సీసాలను పరీక్షిస్తే 93 శాతంలో మైక్రోప్లాస్టిక్ కనిపించింది. వాటిలో మన దేశపు సీసాలూ ఉన్నాయి. 2024లో కొలంబియా యూనివర్సిటీవారు ఇంకా సూక్ష్మంగా చూడగలిగే పద్ధతితో లెక్కపెడితే లీటరుకు సగటున 2.4 లక్షల రేణువులు తేలాయి. ఒంట్లో అవి చేసే హాని ఎంతో ఇంకా తేల్చాల్సే ఉంది. ఎండకు పెళుసెక్కిన సీసా, నలిగిన సీసా, పదేపదే తిప్పిన మూత రేణువులను ఇంకాస్త రాలుస్తాయన్నది మాత్రం తెలుస్తూనే ఉంది.

పరీక్ష చేయించవచ్చు

అనుమానం వస్తే కొన్నవారు ఏం చేయగలరు? చాలామందికి తెలియని దారి ఒకటి 2006 నాటి ఆహార భద్రత చట్టంలోనే ఉంది. దాని 40వ సెక్షన్ ప్రకారం సీసా కొన్న ఎవరైనా సరే, ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. అధికారే నమూనా తీయాలన్న పట్టింపు లేదు. నీళ్లు నిబంధనలకు విరుద్ధంగా ఉన్నాయని తేలితే కట్టిన ఫీజు తిరిగి ఇస్తారు. కాకపోతే చిన్న మెలిక. పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. రోజూ కనపడే మనిషితో 'అన్నా, నీ బాటిల్ ల్యాబుకు పంపుతాండా' అనడానికి కాస్త మొహమాటం అడ్డొస్తుంది మరి. చెప్పగలిగితే మాత్రం మూత తిప్పకుండా, బ్యాచ్ నంబరు, తేదీ ఉన్న లేబుల్ చెదరకుండా, బిల్లు అడిగి తీసుకుని, సీసాను ఎండ తగలని చోట పెట్టి పంపాలి.